ఇంటర్‌లో 950 దాటినా బీటెక్ మొదటి మిడ్‌లో మ్యాథ్స్ పోయింది, ట్యూషన్ పెట్టించుకోవాలా?

తమ్ముడూ, ఎంపీసీలో అన్ని మార్కులు తెచ్చుకున్న నీకు మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, మ్యాథ్స్ 30కి 8 వచ్చాయని, క్లాసులో అడగాలంటే భయమేస్తోందని, గుంటూరులో ఎక్కడైనా ట్యూషన్ ఉందా అని రాశావు. నాకు 7 వచ్చాయి. ఆ పేపర్ ఇంట్లో చూపించలేక హాస్టల్లో పరుపు కింద దాచాను.

మన గుంటూరు, విజయవాడల్లో ఇంటర్ రెండేళ్లూ పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఎవరో ఒకరు వెనకే ఉంటారు. ఏ లెక్క ఎప్పుడు చెయ్యాలో వాళ్లే చెబుతారు, వారం వారం టెస్టు పెడతారు. బీటెక్‌లో అలా వెంటపడేవాళ్లుండరు. నీకు లెక్కలు వచ్చు. అడగడమే మనకెవరూ అలవాటు చెయ్యలేదు.

నేను మాత్రికల పాఠంలో ఐగెన్ విలువల దగ్గర ఆగిపోయాను. ఎ మైనస్ లాంబ్డా ఐ డిటర్మినెంట్‌ని సున్నా చేసి లాంబ్డాలు, అంటే ఆ విలువలు, కనుక్కోవడం వచ్చు. ఆ సున్నా ఎందుకో తెలీదు. ప్రశ్న కాస్త మారిస్తే చెయ్యి ఆడేది కాదు. వారం తటపటాయించి స్టాఫ్ రూమ్‌కి వెళ్లి, "సార్, యూనిట్ అంతా అర్థం కాలేదు" అన్నాను. "అలా అంటే ఎక్కడి నుంచి చెప్పను? నువ్వు చేసింది తీసుకురా. ఎక్కడ ఆగావో ఆ లైన్ కింద గీత గీసుకుని రా" అన్నారు.

మర్నాడు ఆ గీత చూసి అడిగారు: "కుడివైపు అన్నీ సున్నాలే ఉన్న సమీకరణాలకి, సున్నా కాని సాధన ఎప్పుడుంటుంది?"

"డిటర్మినెంట్ సున్నా అయితే." ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఎ లో బట్టీ పట్టిందే.

"ఐగెన్ వెక్టర్ కూడా అలాంటి సమీకరణాల సాధనే. అది సున్నా వెక్టర్ కాకూడదు కదా మరి?"

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ముక్క నాకు ఇంటర్ నుంచే తెలుసు. రెండిటినీ కలిపి చూపించే మనిషి దగ్గరికి నేను వెళ్లలేదంతే.

అందుకే ట్యూషన్ కంటే ముందు కాలేజీలో ఉన్నది వాడుకో. సిలబస్ కాపీలో సబ్జెక్ట్ పేరు దగ్గర ఎల్, టి, పి, సి అని ఉంటాయి. టి అంటే ట్యుటోరియల్. అక్కడ 1 ఉంటే ఆ గంట మీ డౌట్ల కోసమే. చాలా చోట్ల దాన్ని సిలబస్ పూర్తి చెయ్యడానికి వాడేస్తారు. మీ సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్‌ని) తీసుకెళ్లి మర్యాదగా అడగండి, తప్పేం లేదు. నీకు కేటాయించిన మెంటార్‌కీ మార్కుల సంగతి దాచకుండా చెప్పు.

ఇంటర్ పుస్తకాలు అమ్మేసి ఉంటే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల్లో వెతుకు. నేను తెలుగు అకాడమీ 1ఎ, 1బి అక్కడే కొన్నాను. మాత్రికలు, అవకలనం మళ్లీ చూశాకే బీటెక్ పాఠం నాకు ఎక్కింది. ఐఐటీల వాళ్లు పాఠాలు పెట్టే ఎన్‌పీటెల్ వీడియోలు ఉచితమే, కానీ పెన్ను పట్టుకుని చూడాలి. ఫిజిక్స్‌కీ ఇదే పద్ధతి.

టెన్షన్ పడకు, రెండో మిడ్ ఉంది. మా రెగ్యులేషన్‌లో, అంటే మా బ్యాచ్ యూనివర్సిటీ నిబంధనల్లో, చివరి పరీక్షలో 70కి 25, ఇంటర్నల్స్ (మిడ్‌ల మార్కులు) కలిపి 100కి 40 వస్తే పాస్. మీది ఎంతో చూసుకో.

సార్ దగ్గరికి వెళ్లడానికి ఇంకా జంకుతుంటే, నువ్వు గీత గీసిన పేజీ ఫోటో ఇక్కడే పెట్టు. రాత్రి డ్యూటీ నుంచి రాగానే చూస్తాను.