కేంద్రకాన్ని ఒక్కదాన్నే కొలవకు

హబ్సిగూడ, హైదరాబాద్

చి. సుమకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కణకేంద్రకం సైజు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకెంత సంతోషమైందో! ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో నేను చూసింది ఎక్కువగా దాన్నే. క్యాన్సర్ కణాల్లో చాలాసార్లు కేంద్రకం కణం సైజుకి తగినదానికంటే ఎక్కువ పెరిగిపోతుంది. స్లైడ్ పెట్టగానే మేము మొదట వెతికేది అదే.

అందుకే చెప్తున్నా, కేంద్రకాన్ని కొలిచిన ప్రతిసారీ దాని చుట్టూ ఉన్న కణాన్నీ కొలువు. డీఎన్ఏ ఎక్కువైతే కేంద్రకం పెద్దదవుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. కానీ 2007లో శాస్త్రవేత్త పాల్ నర్స్ ల్యాబ్ వాళ్లు ఒక రకం యీస్ట్‌లో డీఎన్ఏ పదహారు రెట్లు మారినా, కణంలో కేంద్రకం వాటా మారలేదని చూపించారు. కణం ఘనపరిమాణంలో అది దాదాపు 8 శాతం, అంతే. ఒకే కణంలో రెండు మూడు కేంద్రకాలుంటే, చుట్టూ కణద్రవ్యం ఎక్కువున్నదే పెద్దదవుతుంది.

అంటే కొలత బయటి నుంచి వస్తోందన్నమాట. కణద్రవ్యంలో తయారైన ప్రోటీన్లను ఇంపోర్టిన్లనే రవాణా ప్రోటీన్లు కేంద్రకం పొరలోని రంధ్రాల గుండా లోపలికి మోస్తాయి. లోపల ప్రోటీన్లు పెరిగేకొద్దీ నీరూ వెంట చేరుతుంది, పొర ఉబ్బుతుంది. 2010లో రెండు జాతుల కప్పల గుడ్ల ద్రవంలో ఒకే డీఎన్ఏ వేసి చూస్తే, ఇంపోర్టిన్ ఆల్ఫా ఎక్కువున్న జాతి ద్రవంలోనే కేంద్రకాలు పెద్దవయ్యాయి. నీ రీడింగులు ఎటూ తేలనప్పుడు ముందు ఇది గుర్తు తెచ్చుకో.

ఇక పని దగ్గర జాగ్రత్త. నేను కొత్తగా చేరిన రోజుల్లో, మే నెలలో, ఒక పేషెంటు కణాల్ని గాజు మీద పల్చగా పులిమి చేసిన స్మియర్‌ని ఆల్కహాల్‌లో వెయ్యడం కాస్త ఆలస్యమైంది. మన ఎండకి, పైనున్న ఫ్యాన్ గాలికి అది ఇట్టే ఆరిపోయింది. కణాలు గాజు మీద పరుచుకుపోయి కేంద్రకాలన్నీ పెద్దవిగా కనిపించాయి. అనుమానంగా ఉందని రాశాను. మళ్లీ శాంపిల్ తీస్తే అంతా మామూలే. ఆ మధ్య వారం రోజులు ఆ పేషెంటు పడ్డ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. కాబట్టి తడి ఆరకముందే స్లైడ్‌ని ఆల్కహాల్‌లో ముంచు. స్మియర్ చేసే చోట ఫ్యాన్ ఆపెయ్యి.

గుండ్రటి కేంద్రకమైతే అంచు బాగా తేటగా కనిపించేదాకా ఫోకస్ తిప్పి అప్పుడు వ్యాసం తీసుకో. వ్యాసంలో పదో వంతు ఎక్కువొస్తే ఘనపరిమాణం మూడో వంతు పెరిగిపోతుంది. కోలగా ఉంటే పొడవు, వెడల్పు రెండూ రాయి. బతికున్న కణాలైతే ద్రవంలో ఉప్పు ఏ రోజూ మారకూడదు. ఉప్పు ఎక్కువైతే కణంతో పాటు కేంద్రకమూ ముడుచుకుంటుంది.

ఆదివారం నీ మొదటి స్లైడ్లు పట్టుకుని ఇంటికి రా. నా పాత మైక్రోస్కోపు తుడిచి పెడతాను. మొదటి యాభై కణాలు ఇద్దరం విడివిడిగా కొలిచి పోల్చుకుందాం.

మీ పెద్దమ్మ