ఫుటీ నేర్చుకోవాలా? మెల్‌బోర్న్ తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నా, మెల్‌బోర్న్ వచ్చి కొన్ని నెలలైంది. సోమవారం ఆఫీసుకెళ్తే అందరూ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) మాటలే. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే వీసా) పాయింట్ల టెన్షన్‌లో ఉన్నాను, ఇదొకటి నేర్చుకోవాలా?

జవాబు: తమ్ముడూ, పాయింట్ల లెక్క వీసాలు చూసే హోం అఫైర్స్ శాఖ సైట్‌లో ఉంటుంది, మారుతూ కూడా ఉంటుంది, అక్కడే చూసుకో. నిన్ను తినేస్తోంది పాయింట్లు కాదు, ఒంటరితనం. చెప్పడానికి మొహమాటపడి ఫుటీ మీద పెట్టి అడిగావు.

కొత్తలో నేను దీన్ని రగ్బీ అనుకునేవాణ్ణి. అనుకుని ఊరుకోక లంచ్ రూములో పైకే అన్నాను. ఆఫీసు టిప్పింగ్‌లో, అంటే ఏ జట్టు గెలుస్తుందో చెప్పే పందెంలో, చేరమంటే జూదం మనకెందుకులే అని తప్పుకున్నాను. నాలుగు డాలర్లు మిగిలాయి. సోమవారం పొద్దున నాతో మాట కలిపే మనిషి మాత్రం లేకుండా పోయాడు. మనవాళ్లున్నారుగా అనుకున్నాను. ఒకడికి సిడ్నీలో ఉద్యోగం వచ్చింది, ఇంకొకడు పెళ్లికి ఊరెళ్లాడు. జూన్‌లో, అంటే ఇక్కడి చలికాలంలో, సాయంత్రం అయిదుంబావుకే చీకటి. రూములో హీటరూ నేనూ. మీకు వీడియో కాల్స్ ఉన్నాయి కాబట్టి ఆ చీకటి అంతగా తెలియదేమో.

అప్పుడే, ఈ ఫుటీని మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన టామ్ విల్స్ గురించి చదివాను. 1835లో న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టాడు. విక్టోరియా పడమటి పల్లెల్లో జాబ్ వురుంగ్ అనే ఆదివాసీ తెగ పిల్లలతో ఆడుకుంటూ వాళ్ల భాష కూడా నేర్చాడు. ఫుటీకి ఆదివాసుల ఆటతో సంబంధం ఉందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటారు, ఆ తగువు మనకొద్దు. 14 ఏళ్లకు చదువుకోసం ఇంగ్లండ్ పంపించారు, రగ్బీ స్కూలుకి. అక్కడ క్రికెట్ జట్టుకి కెప్టెనయ్యాడు. 1856 చివర్లో తిరిగొచ్చాడు. 1858 జూలైలో పత్రికకు ఉత్తరం రాశాడు: చలికాలమంతా క్రికెటర్లు ఒళ్లు వంచకుండా కూర్చుంటున్నారు, ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుందాం, అది కుదరకపోతే రైఫిల్ క్లబ్బైనా పెడదామని. ఆగస్టు 7న స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ కుర్రాళ్లు జట్టుకి 40 మంది చొప్పున ఆడారు. అంపైర్లలో టామ్ ఒకడు. మరుసటి ఏడాది మేలో మరికొందరితో కలిసి 10 నియమాలు రాశాడు. చలికాలంలో నలుగురినీ ఒకచోట చేర్చిన ఆట ఇది. నాకు నచ్చింది అదే.

1861లో క్వీన్స్‌లాండ్‌లో వాళ్ల నాన్నతో సహా 19 మందిని ఆదివాసులు చంపేశారు. టామ్ ఆ రోజు సరుకుల కోసం వెళ్లి బతికిపోయాడు. అయినా అయిదేళ్లకు ఆదివాసీ క్రికెటర్లకు శిక్షణ ఇచ్చి, 1866 బాక్సింగ్ డే (డిసెంబర్ 26) నాడు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో వాళ్లకు కెప్టెన్‌గా దిగాడు. ఎంత గుండె ఉండాలి! గ్రౌండు దిగాక మాత్రం అతనికి తోడు సీసానే. 1880లో, 44 ఏళ్లకే, ఊరి శివారు హైడెల్‌బర్గ్‌లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఇంత ఆట నిలబెట్టినవాడి సమాధికి ఏళ్ల తరబడి పేరు కూడా లేదు.

నిన్ను భయపెట్టడానికి చెప్పలేదు. శుక్రవారం బీరుతో రూములో తలుపేసుకునే మన కుర్రాళ్లను చాలామందిని చూశాను. దిగులు మరీ ఎక్కువైతే జీపీకి (మామూలు డాక్టరుకి) చెప్పు, లైఫ్‌లైన్ హెల్ప్‌లైన్ 13 11 14కి ఫోన్ చెయ్యి. సిగ్గుపడకు.

ఇక ఆట సంగతి. మధ్య రెండు స్తంభాల నడుమ తన్నితే 6 పాయింట్లు, వాటి పక్క స్తంభాల నడుమ పోతే 1. వెళ్లడానికి ఈ మాత్రం చాలు. టిప్పింగ్‌లో చేరు, ఓడినా పర్లేదు, ఓడినవాడితోనే అందరూ ఎక్కువ మాట్లాడతారు. పడమటి శివారు టార్నీట్‌లో ఉంటే జీలాంగ్ ఊరికెళ్లే రైలు మీ స్టేషన్ మీదుగానే పోతుంది, టామ్ ఆడిన క్లబ్బుల్లో జీలాంగ్ ఒకటి. మా ఇంట్లో మాత్రం పిల్లలు కాలింగ్‌వుడ్ క్లబ్బే అంటారు. వాళ్లకు నా మాట ఎక్కదు.