సీసా మీద పేరు రాయి

చిన్నీ,

సహకార దుకాణంలో సభ్యత్వం తీసుకున్నావనీ, ఇక సరుకులన్నీ లూజుగానే, సొంత సీసాల్లో తెచ్చుకుంటావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! అలాంటి దుకాణంలోనే 12 ఏళ్లు, వారానికి ఒక పూట బిన్లు, అంటే లూజు సరుకులు పోసి ఉంచే పెద్ద డబ్బాలు, నింపినదాన్ని కదా. కానీ ఫోన్ పెట్టేశాక గుండె ఝల్లుమంది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

సీసాలు కడిగి పూర్తిగా ఆరనిచ్చి తీసుకెళ్లు. నింపకముందే ఖాళీ సీసా తూకం వేయించి, ఆ బరువు మూత మీద రాసుకో, బిల్లులో అది తీసేస్తారు. మీట నొక్కితే జారిపడే నిలువు బిన్ అయితే, సీసా కింద పెట్టాకే మీట ముట్టుకో. చెయ్యి పెట్టి రుచి చూడకు. మసాలా పొడులు రెండు మూడు చెంచాలకు మించి తీసుకోకు, వాసన పోయాక వాటితో పనేముంది?

స్కూపుతో తీసుకునే బిన్‌లో పాత సరుకు అడుగున ఉండిపోతుంది. కొత్తది పోసేముందు పాతది బయటికి తీసి, తర్వాత దాన్ని పైన పొయ్యాలి. హడావుడిలో అందరూ ఆ పని చెయ్యరు. కాబట్టి ఎప్పుడు నింపారో మొహమాటపడకుండా అడుగు. అక్రోట్లు, గింజలు, పొట్టు తియ్యని ధాన్యాల పిండి, వీటన్నిటిలో నూనె ఉంటుంది. పాతబడితే గోడలకు వేసే పెయింటులా వాసనొస్తాయి. కొంచెం కొని ఫ్రిజ్‌లో పెట్టుకో. ధాన్యంలో సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే పురుగు పట్టినట్టే, ఇంటికి తేవద్దు. అనుమానంగా ఉంటే డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచి, ఆ తర్వాత సీసాలో పోసుకో.

ఇక అసలు సంగతి. నువ్వింకా పుట్టలేదు. ఒకరోజు దుకాణం నుంచి రెండు కాగితం సంచుల్లో పిండి తెచ్చాను. ఒకటి ఓట్స్ పిండి. రెండోది బాదం పిండి, మీ పెదనాన్నకి షుగర్ అని. సంచుల మీద బిన్ నంబర్లు తప్ప ఏమీ లేవు. రెండిటినీ ఒకే సైజు సీసాల్లో పోసి, సంచులు పారేశాను. ఏది ఏదో గుర్తుండదా అనుకున్నాను. మూడు వారాల తర్వాత మీ అమ్మ వచ్చింది. తనకి బాదం, జీడిపప్పు పడవని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. అందుకే ప్రత్యేకంగా ఓట్స్ పిండితో బిస్కెట్లు చేశాను. ఓట్సే అనుకున్నాను.

సగం బిస్కెట్ తిని అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. తర్వాత పెదవులు వాచాయి. 'అక్కా' అని పిలిచింది, ఆ గొంతు దానిది కాదు. ఆసుపత్రిలో తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు. తేరుకున్నా, కొన్ని గంటల తర్వాత మళ్లీ రావచ్చని రాత్రంతా అక్కడే ఉంచారు. తెల్లారి ఇంటికొచ్చి రెండు సీసాలూ తెరిచి, చిటికెడు చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. ఒకటి పొడిగా రాలిపోయింది. రెండోది ఉండకట్టి, వేలి మీద నూనె మెరుపు మిగిల్చింది. ఆ తేడా నాకు తెలియనిది కాదు, వారం వారం ఆ బిన్లు నింపేదాన్నే. నలిపి చూడాలన్న ఆలోచనే రాలేదు. మీ అమ్మ ఇప్పటికీ 'నీ తప్పు కాదక్కా' అంటుంది. నా తప్పే.

అందుకే చెప్తున్నా, ప్యాకెట్ మీద ఉండే మాటలన్నీ నువ్వే రాసుకోవాలి. పేరు, బిన్ నంబరు, కొన్న తేదీ, వండే పద్ధతి. రాజ్మా తెచ్చావనుకో, అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్లా కాగనివ్వాలి. సన్నసెగ మీద ఉడికిస్తే అందులోని విషం పోదు. ఇది రాసి ఉండే సంచి నీకు రాదు. దుకాణంలోనే, సీసా నింపిన వెంటనే రాసెయ్. ఇంటికెళ్లి రాద్దాంలే అంటే ఊరుకోను.

ఇంకొకటి, ఇది బతిమాలుతున్నా. మీ అమ్మ వచ్చినప్పుడు బిన్‌లోంచి తెచ్చినదేదీ పెట్టకు. జీడిపప్పు స్కూపు తీసుకెళ్లి కిస్‌మిస్‌లో ముంచేవాళ్లను నా కళ్లతో చూశాను. తనకి ప్యాకెట్లోవే, వెనక రాసింది చదివి కొను. బాబుకి కూడా అంతే, వాడికి ఏది పడుతుందో ఏది పడదో మనకింకా తెలియదు కదా.

నువ్వక్కడ ఉత్త కొనుగోలుదారువి కాదు, యజమానివి. 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి ఇలాంటి దుకాణం పెట్టారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్స్ పిండి, కొన్ని కొవ్వొత్తులు, మొదట్లో అంతే వాళ్ల సరుకు. కల్తీ ఉండకూడదు, తూకం సరిగ్గా ఉండాలి, మనిషికి ఒక్కటే ఓటు. నీకూ ఒక ఓటుంది. బాదం, జీడిపప్పు లాంటి వాటి బిన్లు పై వరసలో ఉంటే వాటి పొడి కింది బిన్లలో రాలుతుంది, అడుగు వరసకి మార్చమని సభ్యుల సమావేశంలో లేచి అడుగు. నేను అడిగాను. రెండుసార్లు అడిగాక మార్చారు.

ఈ ఉత్తరంతో పాటు రాసి అంటించే టేపు ఒక చుట్ట, చెరగని పెన్ను పంపుతున్నా. మొదటిసారి కొన్నవన్నీ బల్ల మీద వరసగా పెట్టి నాకు ఫోటో తీసి పంపు. పేర్లు కనిపించేలా సీసాలు ఇటు తిప్పి పెట్టమ్మా.

నీ పెద్దమ్మ