అవిన్యోన్ వెళ్తున్నాం, బోకాస్టెల్ రెడ్ వైన్ అంత ధర పెట్టి కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: అక్టోబరులో దంపతులిద్దరూ దక్షిణ ఫ్రాన్స్ వెళ్తున్నారు, షాతోనఫ్ దు పాప్ అనే ఊరి దగ్గరున్న బోకాస్టెల్ అనే వైన్ తోట పేరు ఎవరో చెప్పారు, ఆ సీసా హైదరాబాదు తెచ్చుకోవాలా లేక పక్క ఊళ్ళ వైన్ చాలా అని. నేను గ్రెనోబుల్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. అక్కడి నుంచి ఆ ఊరు కారులో రెండు గంటల పైచిలుకు. వైన్ పండితుణ్ణి కాను గానీ, అక్కడికి వెళ్ళీ వెళ్ళీ కొంత నేర్చుకున్నాను. నా మాట ఒకటే: బోకాస్టెల్ కొనండి, కానీ మీరు తెరిచే మొదటి సీసా అది కాకూడదు.

నేను చేసిన తప్పు అదే. మొదటి ఏడాది జూలైలో, ఊరంతా ఉడికిపోతున్న రోజు, నలుగురు తెలుగువాళ్ళం కలిశాం. ఇంట్లో గోంగూర మటన్ వండాం, గుంటూరు కారం గట్టిగా దట్టించి. నేను ముచ్చటపడి కొన్న మూడేళ్ళ వయసు బోకాస్టెల్ బిరడా తీసి, వెంటనే గ్లాసుల్లో పోసేశాను. ఏసీ లేని గది, సీసా చేతికి వెచ్చగా తగులుతోంది. మొదటి గుటకకే అందరి మొహాలూ మాడిపోయాయి. ఆ వైన్లలో ఆల్కహాల్ మామూలుగా 14 శాతం దగ్గర ఉంటుంది, ఒక్కోసారి 15 దాకా వెళ్తుంది. దాని మీద కారం పడితే నోట్లో నిప్పే. పైగా నాలుక పిడచకట్టుకుపోయేంత వగరు, పచ్చి నేరేడుకాయ కొరికినట్టు. మా మిత్రుడొకడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేంట్రా, గొడ్లచావిడి వాసనొస్తోంది" అన్నాడు. నేను చిన్నబుచ్చుకున్నాను గానీ వాడు తప్పేమీ అనలేదు.

ఎందుకంటే బోకాస్టెల్‌లో మూర్వెద్ర్ అనే ద్రాక్ష వాటా ఎక్కువ, సుమారు 30 శాతం. చుట్టుపక్కల తోటల్లో రాజ్యం ఇంకో రకం ద్రాక్ష గ్రెనాష్‌ది. అది తీయగా, ఎర్రపళ్ళ రుచితో తొందరగా దగ్గరవుతుంది. మూర్వెద్ర్ అలా కాదు: చిక్కటి రంగు, వగరు, తోలు వాసన, వేట మాంసం వాసన. ఇక పాత బోకాస్టెల్ సీసాల్లో బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వల్ల వచ్చే పశువులపాక వాసన గురించి వైన్ ప్రియులు ఇప్పటికీ వాదులాడుకుంటారు. కొందరికి అది దోషం, కొందరికి అదే అందం. పల్లెటూళ్ళో పెరిగినవాణ్ణి కాబట్టి నాకైతే కొంచెం ఉంటే ఇష్టమే.

ఆ రోజు మిగిలిన పావు సీసాకు బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పడేశాను. మర్నాడు రాత్రి తీసి, అరగంట బయట ఉంచి, ఉత్త బ్రెడ్డుతో తాగితే, అది వేరే వైన్. ఆల్‌బుఖారా పళ్ళు, ఎండిన ఆకుల వాసన, కాస్త మిరియాలు. వైన్ తప్పేం లేదు, తొందర నాది.

ఇప్పుడు ఊరి గురించి. షాతోనఫ్ దు పాప్ అంటే 'పోప్ గారి కొత్త కోట'. (పోపంటే తాలింపు కాదు లెండి.) 1309 నుంచి కొంతకాలం పోపులు రోమ్ వదిలి అవిన్యోన్‌లో ఉన్నారు, వాళ్ళలో 22వ జాన్ ఈ గుట్ట మీద కోట కట్టించాడు. 1944లో జర్మన్ సైన్యం పేల్చేయగా మిగిలిన మొండిగోడలే ఇప్పుడున్నవి. పైకి ఎక్కితే రోన్ నది కనిపిస్తుంది. ఎక్కండి, టికెట్టు లేదు.

కోట కన్నా తోటల్లో రాళ్ళు చూడండి. మట్టి కనపడదు. కోడిగుడ్డంతవి, కొబ్బరికాయంతవి, నది దొర్లించి నున్నగా చేసిన గుండ్రాళ్ళు. వాటి మధ్యనుంచి మోకాలెత్తు ద్రాక్ష మొక్కలు, పందిరి లేదు, ఇనుప తీగల ఆసరా లేదు, పొట్టి పొదల్లాగా. సాయంత్రం పొద్దుగుంకాక ఒక రాయి చేతిలోకి తీసుకున్నాను, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. పగలు పీల్చుకున్న వేడిని రాత్రి ద్రాక్షకు తిరిగిస్తాయి. ఉత్తరం నుంచి కొట్టే మిస్ట్రాల్ గాలి గుత్తుల్లో తేమ నిలవనివ్వదు, అందుకే బూజు బాధ తక్కువ. అయితే రాళ్ళే సర్వస్వం అని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ అందరికన్నా ఖరీదైన వైన్లలో ఒకటైన రయాస్ తోట చాలావరకు ఇసుక నేల.

ఫ్రాన్స్ వైన్ నియమాలకు పునాది పడిందీ ఇక్కడే. 1923లో షాతో ఫోర్తియా అనే తోట యజమాని బారన్ ల రువా, తోటి రైతులతో కలిసి, ఏ నేలలో పండాలి, ఏ రకాలు వెయ్యాలి, ఆల్కహాల్ కనీసం ఎంత ఉండాలి అని నియమాలు రాశాడు. ఏ నేలంటే, థైమ్, లావెండర్ మొలిచే నేల! 1936లో దీనికి అధికారిక గుర్తింపు వచ్చింది. ఇప్పటికీ యంత్రంతో కోయకూడదు, చేత్తోనే కొయ్యాలి. (1954లో ఎగిరే పళ్ళాలు ఈ తోటల్లో దిగకూడదని మేయరు గారు ఆర్డరు కూడా వేశారు. ఇదీ నిజమే.)

నియమాల ప్రకారం 13 రకాల ద్రాక్ష వాడొచ్చు. ఎక్కువమంది మూడు నాలుగుతో సరిపెడతారు, బోకాస్టెల్‌ వాళ్ళు పదమూడూ పెంచుతారు. 1909లో మామగారు కొన్న తోట అల్లుడు పియర్ పెరాన్ చేతికొచ్చింది, ఇప్పటికీ ఆ కుటుంబానిదే. రసాయనాల్లేని సాగుకు 1950ల్లోనే మళ్ళారు, అదేదో ఫ్యాషన్ కాకముందే.

కొనేటప్పుడు ముందు 'కూదులే' అడగండి. బోకాస్టెల్ వాళ్ళదే, హైవేకు అవతలి పక్క తోట. నేల దాదాపు అదే, కానీ షాతోనఫ్ దు పాప్ సరిహద్దు గీతకు బయట ఉండటంతో లేబుల్ మీద ఆ ఊరి పేరు బదులు కోత్ దు రోన్ అనే మామూలు ప్రాంతం పేరు ఉంటుంది, ధర మూడో వంతు దగ్గర. మూర్వెద్ర్ రుచి మీకు పడుతుందో లేదో ఇందులో తెలిసిపోతుంది. అది నచ్చకపోతే పక్కనున్న జిగోందాస్, వకేరాస్ ఊళ్ళ వైన్లు తీసుకోండి, గ్రెనాష్ ఎక్కువ, ధర నయం. నా ఓటు వకేరాస్‌కి.

అసలు బోకాస్టెల్ సీసానే తెచ్చుకుంటే పదేళ్ళు ఆగితే మంచిది. మన ఇళ్ళలో ఆగదు, హైదరాబాదు మే నెలలో అల్మారాలో పెడితే ఉడికిపోతుంది. వైన్ కోసం ప్రత్యేకమైన చిన్న ఫ్రిజ్ లేకపోతే, దుకాణంలోనే పాత సంవత్సరం సీసా ఉందేమో అడిగి కొనండి. కస్టమ్స్‌లో సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు అనుమతి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండేసి. సీసాలను స్వెట్టర్లలో చుట్టి చెకిన్ బ్యాగేజీ మధ్యలో పెట్టండి. ఇంటికొచ్చాక ఓ రెండు వారాలు కదపకండి. తాగే రోజు గంట ముందు బిరడా తీసి జగ్గులోకి వంచి, పక్కన మిరియాల మటన్ వేపుడు పెట్టుకోండి. గోంగూర మాత్రం ఇంకో రోజుకి.