రీలు సంగతి తర్వాత, ముందు తేదీ చూసుకోండి మాస్టారూ

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. స్కూల్ టీచర్‌ని. సెలవు రోజుల్లో కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసేచోట గేలం వేస్తుంటాను. మా అబ్బాయి మొదటి జీతంతో 2023 జనవరిలో 14,800 రూపాయలు పెట్టి ఉప్పునీళ్లలో వాడే స్పిన్నింగ్ రీలు (గేలం దారం చుట్టుకునే చక్రం) కొనిచ్చాడు. ఏడాది బాగానే పనిచేసింది. తిప్పుతుంటే గరగరమంటోందని విశాఖలో ఒక షాపులో సర్వీసుకిచ్చాను. 2024 మార్చి 12న ఫోన్‌పేలో 900 తీసుకుని తిరిగిచ్చారు. క్లచ్‌కి గ్రీజు దట్టించాను, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అని మెకానిక్ విప్పిన రీలు ఫొటోతో వాట్సాప్‌లో పెట్టాడు కూడా. మార్చి 17 ఆదివారం పెద్ద పండుగప్ప పడింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్లు వాచిపోయాయి, చేప పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత రెండు మూడు సార్లు వాడి చూశాను, బకెట్‌లో ముంచి కడిగాను, లాభం లేక గోనెసంచిలో చుట్టి వరండాలో పెట్టాను. ఎప్పుడు ఫోన్ చేసినా ‘తీసుకురండి, చూద్దాం’ అంటున్నారు. కంపెనీ మీద కేసు వేసి కొత్త రీలు, చేప ఖరీదు, మనోవేదనకు లక్ష అడగొచ్చా? షాపువాళ్లు బిల్లు ఇవ్వలేదు. మా బావమరిది తెలిసిన చోట 2025 ఆగస్టు తేదీతో బిల్లు రాయించుకొస్తానంటున్నాడు. (2026 జనవరి)

జవాబు: మాస్టారూ, ఇంత ఉత్తరంలో కేసుకు పనికొచ్చే వాక్యం ఒక్కటే ఉంది. దాన్ని మీరు మాటవరసకు రాసినట్టున్నారు. అదే మెకానిక్ వాట్సాప్ మెసేజ్.

కంపెనీని వదిలేయండి. ఏడాది పాటు బాగా పనిచేసిన రీలులో తయారీ లోపం ఉందని నిరూపించడం కష్టం. పైగా బయటి మెకానిక్ విప్పాడు. కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. మీ కేసు షాపు మీద, సేవాలోపం కింద. రీలు బిల్లు అబ్బాయి పేరుతో ఉన్నా ఫరవాలేదు, సర్వీసుకు డబ్బు కట్టింది మీరే కాబట్టి ఆ సేవకు వినియోగదారుడు మీరే.

నాకూ చింతపల్లి తీరంలో గేలం వేసే అలవాటు ఉంది కాబట్టి ఆ మెసేజ్ విలువ తెలిసింది. రీలు లోపల వన్‌వే క్లచ్ అని ఒకటి ఉంటుంది. సన్నటి సూదుల్లాంటి రోలర్లు, వాటిని నెట్టే చిన్న స్ప్రింగులు. ముందుకు తిప్పితే వదులుగా దొర్లుతాయి. వెనక్కి తిరగబోతే ఇరుక్కుని ఆపేస్తాయి. దానికి వేసేది పల్చటి నూనె, అదీ చుక్కో రెండు చుక్కలో. చిక్కటి గ్రీజు గేర్లకు. అదే గ్రీజు క్లచ్‌లో దట్టిస్తే రోలర్లు జిగటలో ఉండిపోయి టైముకి ఇరుక్కోవు. హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది. మీకు జరిగింది అదే. చేసిన పని అతనే స్వయంగా రాసి, ఫొటో పెట్టి ఒప్పుకున్నాడు. ఇంతకంటే సాక్ష్యం నేను తెచ్చిపెట్టలేను.

షాపు తరఫున వచ్చే వాదన నాకిప్పుడే వినబడుతోంది: ‘ఉప్పునీళ్లు పట్టి పాడైంది, మా తప్పు కాదు.’ ఉప్పు చేసే పాడు మెల్లగా వస్తుంది. స్క్రూల చుట్టూ అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇత్తడి పినియన్ (చిన్న గేరు) మీద ఆకుపచ్చ చిలుము, దారం జారే చిన్న రోలర్ బేరింగ్ బిగుసుకోవడం. సర్వీసు చేయించిన అయిదో రోజునే, మొదటి వాడకంలోనే క్లచ్ జారడానికి ఉప్పు కారణమని చెప్పడం వాళ్లకు తేలిక కాదు. కానీ మీరేం చేశారు? బకెట్‌లో ముంచారు, తడి ఆరకుండానే గోనెలో చుట్టారు. ఇరవై రెండు నెలలుగా ఆ సంచిలో షాపువాళ్ల సాక్ష్యం పెరుగుతోంది, మీ చేతులతోనే! పిల్లలు హోంవర్క్ తడిపి తెస్తే మీరు ఊరుకుంటారా?

ఇవాళే బయటకు తీయండి. పైన పొడిగుడ్డతో తుడవండి, నూనె చుక్క కూడా వేయకండి, స్క్రూడ్రైవర్ ముట్టకండి. తెల్లకాగితం మీద పెట్టి అన్ని వైపులా ఫొటోలు, హ్యాండిల్ వెనక్కి తిరుగుతున్న వీడియో తీయండి. డబ్బాలో పెట్టి సీలు వేసి తేదీ రాయండి. ‘తీసుకురండి, చూద్దాం’ అన్నారని మాత్రం ఇచ్చి రాకండి. గ్రీజు కడిగేస్తే మీ కేసు కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది.

ఇక అసలు ప్రమాదం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. క్లచ్ జారింది మార్చి 17న కదా అని అక్కడి నుంచి లెక్కపెట్టకండి, సర్వీసు చేసి ఇచ్చిన మార్చి 12 నుంచే లెక్కపెట్టుకోండి. అంటే 2026 మార్చి 11 లోపు ఫిర్యాదు నంబరు పడాలి. షాపువాళ్ల ఫోన్ హామీలతో గడువు పెరగదు. మీరిచ్చే లీగల్ నోటీసుతోనూ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేసే ఫోన్‌తోనూ పెరగదు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని క్షమించే అధికారం కమిషన్‌కు ఉంది. టీచర్ ఉద్యోగం చేస్తూ ఊళ్లోనే ఉన్న మీరు ఏ కారణం చూపిస్తారు?

బావమరిది సలహా దగ్గరికి వద్దాం. చేయని సర్వీసుకు 2025 తేదీతో బిల్లు రాయించడం ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336, దాన్ని నిజమైనదిగా వాడితే 340. మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల దాకా శిక్ష. మీరేమో ప్రభుత్వోద్యోగి. అసలు డబ్బు కట్టిన ఫోన్‌పే ఎంట్రీ 2024 మార్చిలో ఉంటే బిల్లు 2025లో ఎలా వచ్చిందని ఎదుటి వకీలు అడిగే మొదటి ప్రశ్నకే నీళ్లు నమలాలి. రీలుకున్న బెయిల్ (దారాన్ని పట్టి చుట్టే తీగ కమ్మీ) వేలితో నెడితే పడుతుంది, ఈ బెయిల్ అలా రాదు. బావమరిదికి టీ ఇచ్చి పంపేయండి. బిల్లు లేకపోయినా ఆ 900 ఎంట్రీ, బ్యాంకు స్టేట్‌మెంట్, మెసేజ్ చాలు.

ఫిర్యాదు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది, విశాఖ తిరగక్కర్లేదు. అయిదు లక్షల లోపు ఫీజు లేదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. వాట్సాప్ చాట్‌ను తేదీలు, నంబరు కనిపించేలా ప్రింట్ తీసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి. రీలును కమిషన్ ముందుంచి, కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఇరుపక్షాల ఎదుట విప్పించి రిపోర్టు తెప్పించమని దరఖాస్తు పెట్టండి. ఈ వారమే షాపుకు పది రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా ఫిబ్రవరిలో ఫైల్ చేసేయండి.

ఏం అడగాలి? కట్టిన 900, సర్వీసు సెంటర్‌లో బాగుచేయించే ఖర్చు, మనోవేదనకు, కేసు ఖర్చులకు న్యాయంగా ఉండే మొత్తం. కొత్త రీలు ధర ఇప్పుడే అడగకండి. క్లచ్ విప్పి గ్రీజు కడిగి నూనె వేస్తే చాలావరకు బాగైపోతుంది. గేర్లు కూడా పోయాయని రిపోర్టు వస్తే అప్పుడు చూద్దాం. చేప ఖరీదు అసలు రాయకండి. తప్పిపోయిన చేపను తూచేవాళ్లు ఎవరూ లేరు. పైగా చేపల ఆదాయం పోయిందంటే, వ్యాపారానికి వాడాడు, వినియోగదారుడే కాదు అని వాళ్లు ఎత్తుకుంటారు.

మధ్యలో షాపువాళ్లు రాజీకి వస్తే ఒప్పుకోండి, కానీ కాగితం మీద, సంతకంతో, డబ్బు చేతిలో పడ్డాకే. అన్నట్టు, ఆ మెసేజ్ వచ్చిన ఫోన్ ఏది? పాతదైతే తీర్పు వచ్చేదాకా మార్చకండి, ఎవరికీ ఇవ్వకండి.