సంశయవాదం చదివితే సంబంధాలు రావా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. ఎమ్మెస్సీ డేటా సైన్స్‌లో చేర్పిద్దామని మేం అనుకుంటుంటే, తను ఎమ్మే ఫిలాసఫీ చేసి సంశయవాదం మీద పరిశోధన చేస్తానంటోంది. బెంగళూరులో ఉన్న మా మరిది మధ్యేమార్గంగా ఏఐ ఎథిక్స్ డిప్లొమా చేయించమంటున్నాడు. ఈ మూడింటిలో ఏది మంచిది? అన్నిటినీ అనుమానించే చదువు చదివి, రేపు పూజలూ వద్దని, పెళ్లీ పెటాకులూ లేకుండా ఉండిపోతుందేమోనని భయంగా ఉంది.
- ఒక తల్లి, సత్యనారాయణపురం

జవాబు: అమ్మా, మీరు అడిగింది మూడు కోర్సుల గురించి. ఉత్తరం బరువంతా మాత్రం ఆఖరి వాక్యం మీదే ఉంది. డిగ్రీ పూర్తయ్యే రోజుల్లో ఇలాంటి ప్రశ్న ఏటా వస్తుంది. ఒకసారి సోషియాలజీ, ఒకసారి లింగ్విస్టిక్స్, ఈసారి ఫిలాసఫీ. సబ్జెక్టు మారినా ఆ ఆఖరి వాక్యం మారదు. అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

మన ఊళ్లో సంశయవాదం అనగానే చాలామందికి గోరా గారి నాస్తిక కేంద్రం గుర్తొస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. నాస్తికుడు దేవుడు లేడని తేల్చేశాడు, సంశయవాది ఏదీ తేల్చడు. సెక్స్టస్ ఎంపిరికస్ అనే గ్రీకు వైద్యుడు సుమారు 1,800 ఏళ్ల కిందట రాసిన గ్రంథం ఈ తేడాతోనే మొదలవుతుంది. సత్యం దొరికిందనేవాళ్లు కొందరు, అది దొరికేది కాదనేవాళ్లు కొందరు, ఇంకా వెతుకుతున్నవాళ్లు కొందరు. ఆ మూడోవాళ్లే సంశయవాదులు. మరి ఏదీ తేల్చుకోనివాడు రోజు ఎలా గడుపుతాడు? దానికీ ఆయనే జవాబిచ్చాడు: ఇంద్రియాలు, బుద్ధి చూపిన దారిన నడుస్తాడు, ఆకలేస్తే తింటాడు, తన ఊరి ఆచారాలూ చట్టాలూ పాటిస్తాడు, ఏదో ఒక వృత్తి నేర్చుకుని చేసుకుంటాడు. ఆచారాల మాట వచ్చినచోట దైవభక్తిని పేరుపెట్టి మరీ చెప్పాడు.

మన దగ్గరా అంతే. నైయాయికుల (న్యాయశాస్త్ర పండితుల) నిర్వచనాలన్నిటినీ ఒక్కొక్కటిగా విరగ్గొడుతూ 12వ శతాబ్దంలో 'ఖండనఖండఖాద్యం' రాసిన శ్రీహర్షుడు అద్వైతి. శ్రీనాథుడు 'శృంగార నైషధం'గా తెలుగు చేసిన కావ్యం ఆయనదే. ప్రమాణాలకి, అంటే జ్ఞానానికి ఆధారాలని మనం నమ్మేవాటికి, ప్రమాణం ఏమిటని నిలదీసిన నాగార్జునుడు బౌద్ధ భిక్షువు. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో సంశయవాదాన్ని సమర్థిస్తూ రాసిన ఉయే బిషప్పు. ఇక శ్రీహర్షుడు, నాగార్జునుడు ఖండించిన న్యాయశాస్త్రంలోనే పదహారు పదార్థాల్లో, అంటే విచారించాల్సిన అంశాల్లో, ఒకటి సంశయం. సందేహం ఉన్నచోటే విచారణకి పని అని న్యాయసూత్రాల మీద వాత్స్యాయనుడి భాష్యం. మీ అమ్మాయి ఇంట్లో ఎదురుప్రశ్న వేస్తోందంటే అది ఇంకా చేరని ఎమ్మే చేసిన పని కాదు, ఇరవై ఏళ్ల వయసు చేసే పని. 'అనుమానించే చదువు' అని పదిమంది ముందు వెక్కిరించకండి. మీ పరువు పోతుందన్న భయాన్ని తన భవిష్యత్తు మీద బెంగగా చెప్పుకుంటే, ఆ పిల్ల రేపు నిజంగా సలహా కావాల్సినప్పుడు మీ దగ్గరికి రాదు.

ఇప్పుడు మీ మరిదిగారి మధ్యేమార్గం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య బెజవాడలో, గుంటూరులో ప్రతి రెండో ఇంట్లో ఈ మాటే వినిపిస్తోంది. ఏఐ నైతికత అనే పని నిజంగానే ఉంది. కానీ ఆ పని చేసేవాళ్లు మూడు రకాలు. మోడల్‌ని పరీక్షించి ఎక్కడ తప్పుతోందో పట్టుకునే ఇంజినీర్లు ఒకరు. 2023 నాటి మన డేటా రక్షణ చట్టాన్నీ, 2024 నాటి యూరప్ ఏఐ చట్టాన్నీ చదివి సంస్థకి దారి చెప్పే లాయర్లు ఇంకొకరు. జ్ఞానమీమాంసలోనో (దేన్ని జ్ఞానం అనాలో విచారించే శాస్త్రం) నీతిశాస్త్రంలోనో పీహెచ్‌డీ చేసిన కొద్దిమంది మూడోరకం. ఆర్నెల్ల డిప్లొమా ఈ మూడింటిలో ఎవరినీ తయారు చేయదు. పైగా ఆ సిలబస్‌లు చట్టం మారినప్పుడల్లా పాతబడిపోతాయి. చేర్పించాలనే అనుకుంటే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి: పాఠం చెప్పేవాళ్ల చదువేమిటి, కిందటి బ్యాచ్‌వాళ్లు ఏ హోదాలో చేరారు, ఇచ్చేది యూజీసీ గుర్తించిన అర్హతా లేక ఉత్త సర్టిఫికెట్టా. ఫోన్‌లో గలగలా మాట్లాడిన కౌన్సెలర్ కాగితం మీద పెట్టమనగానే నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

ఇందులో తమాషా ఒకటుంది. ఆ రంగంలో అసలు గట్టి ప్రశ్నలు మీ అమ్మాయి చదువుతానంటున్న సబ్జెక్టువే. యంత్రం చెప్పిన మాటని ఎప్పుడు నమ్మొచ్చన్నది మన శబ్ద ప్రమాణం చర్చే, అంటే ఇంకొకరి మాటని ఆధారంగా తీసుకోవచ్చా అన్న చర్చే. మనం చూస్తున్నదంతా సిమ్యులేషన్ అయితే అన్న ప్రశ్న 1641లో దెకార్త్ 'మెడిటేషన్స్'లో మాయావి దెయ్యంగా, 1981లో అమెరికా తాత్వికుడు పట్నమ్ రాతల్లో తొట్టిలో పెట్టిన మెదడుగా కనిపించి, 2022లో తాత్వికుడు చామర్స్ పుస్తకం దాకా వచ్చింది. డిప్లొమాలో ఇది ఒక స్లైడు. ఎమ్మేలో ఒక సెమిస్టర్.

ఈ రంగం ఎప్పుడో అయిపోయిందనీ అనుకోకండి. సెక్స్టస్ గ్రంథం 1562లో లాటిన్‌లో అచ్చయ్యాకే ఐరోపాలో సంశయవాదం మళ్లీ లేచిందని చరిత్రకారుడు పాప్‌కిన్ 1960లో చూపించాక ఈ చరిత్ర మీద పరిశోధన ఊపందుకుంది. సంశయవాది తన సంశయంతో నిజంగా బతకగలడా అని బర్న్యెట్, ఫ్రేడే అనే పండితులు మొదలుపెట్టిన వాదం ఇప్పటికీ తెగలేదు. 2011 నుంచి ఈ ఒక్క విషయానికే ఓ అంతర్జాతీయ పత్రిక వస్తోంది. మన వైపు ఇంకా చాలా పని మిగిలి ఉంది. ఏ ప్రమాణమూ నిలవదని వాదించిన జయరాశి భట్టు 'తత్త్వోపప్లవసింహం' తాళపత్రం గుజరాత్‌లోని పాటన్‌లో 1926లో బయటపడి, 1940లో అచ్చయింది. మూలంతో కుస్తీ పట్టగలిగినవాళ్లకి అందులో బోలెడు చోటుంది.

మూలం అన్నాను కదా, చాలామంది పిల్లలు తప్పేది సరిగ్గా అక్కడే. ఇంటర్‌లో సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్, 98 మార్కులు, ఒక్క శ్లోకం అన్వయించడం రాదు. ఇది మన కార్పొరేట్ కాలేజీల ఘనత. మీ అమ్మాయిదీ ఆ సంస్కృతమే అయితే శబ్దరూపాలు నేర్పే శబ్దమంజరి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రిటైరైన మాస్టారి దగ్గర రోజుకో గంట, ఏడాదిన్నర. తర్వాత టిబెటన్ కూడా అవసరం పడొచ్చు, నాగార్జునుడి 'వైదల్యప్రకరణం' ఇప్పుడు ఆ భాషలోనే మిగిలింది. గ్రీకు తర్వాత చూసుకోవచ్చు.

రెండో తప్పు, విషయం మరీ పెద్దది పెట్టుకోవడం. 'భారతీయ, పాశ్చాత్య సంశయవాదం: తులనాత్మక అధ్యయనం' అని ప్రతిపాదన రాస్తే ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో దొరికిపోతారు. గ్రీకు సంశయవాదానికి ఆద్యుడనే పిర్రో, అలెగ్జాండర్ వెంట మన దేశం వచ్చిన మాట గ్రీకు గ్రంథాల్లో ఉంది. దాన్ని పట్టుకుని ఆయన నాగార్జునుడి దగ్గర నేర్చుకున్నాడని రాసే పిల్లలున్నారు. పిర్రో పోయిన నాలుగు వందల ఏళ్లకి గానీ నాగార్జునుడు లేడు! చిన్న విషయం తీసుకోవాలి. సంశయవాది వాదన విరేచన మందులాంటిదని, దోషాన్ని తీసుకుని తానూ బయటికి పోతుందని సెక్స్టస్ అంటాడు. దాదాపు ఇదే ఉపమానం నాగార్జునుడి మీద చంద్రకీర్తి రాసిన వ్యాఖ్యలోనూ వస్తుంది. ఈ రెండు మందులూ ఒకేలా పనిచేస్తాయా అన్న ఒక్క ప్రశ్న చాలు, ఐదేళ్లకి సరిపోతుంది.

తనది నిజమైన ఆసక్తో, డేటా సైన్స్ తప్పించుకునే దారో తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. నాగార్జునుడి 'విగ్రహవ్యావర్తని'లో 70 శ్లోకాలు. వెస్టర్‌హాఫ్ ఇంగ్లిషు అనువాదం 2010లో వచ్చింది. మొదటి 20 శ్లోకాలు ప్రత్యర్థి ఆక్షేపణలు: అన్నీ శూన్యమైతే (తమకంటూ స్వభావం లేనివైతే) నీ మాటా శూన్యమే కదా, అది దేన్ని ఖండిస్తుంది అని. అక్కడ పుస్తకం మూసేసి, తనే నాగార్జునుడి తరఫున రెండు పేజీల జవాబు రాయాలి. ఆ తర్వాతే 29వ శ్లోకం తెరవాలి. నాకు ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన సిద్ధాంతం) అంటూ ఉంటే కదా దోషం అంటాడాయన. అది చదివి 'ఇది తప్పించుకోవడం కాదా' అని వాదన పెట్టుకుని మళ్లీ రాయడానికి కూర్చుంటే చదివించండి. రెండు పేజీలు నెల దాటినా పూర్తికాకపోతే డేటా సైన్స్ ఫారం తెప్పించండి. ఎలాగూ నాగార్జున యూనివర్సిటీ మీకు గంట దూరంలోనే ఉంది. అక్కడి మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రానికి ఒకసారి వెళ్లి, పరిశోధన చేస్తున్నవాళ్లతో తననే మాట్లాడమనండి. పక్కన మీరు కూర్చోకండి.

పోలిక అడిగారు కాబట్టి డబ్బు లెక్క. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మే ఫీజు ఏడాదికి వేలల్లోనే ఉంటుంది, అసలు ఖర్చు హాస్టలు, మెస్సు. ప్రైవేటులో డేటా సైన్స్ అంటే లక్షలు, ఉద్యోగం మాత్రం త్వరగా రావచ్చు. నెట్ (యూజీసీ అర్హత పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. వయసు పరిమితి 30, ఆడపిల్లలకి ఇంకో ఐదేళ్లు సడలింపు. సంశయవాదం ఒక్కటే చదివి కూర్చుంటే నెట్ రాదు. ప్రమాణాలు, ఖ్యాతివాదాలు (భ్రమ ఎలా కలుగుతుందన్న సిద్ధాంతాలు), నీతిశాస్త్రం అన్నీ అడుగుతారు. పీహెచ్‌డీ అయ్యేసరికి 28 దాటుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది గానీ, ఫిలాసఫీ పోస్టులు తక్కువ, మన జిల్లాల్లో మరీ తక్కువ. వేరే రాష్ట్రం వెళ్లడానికి సిద్ధపడాలి, మధ్యలో గెస్ట్ ఫ్యాకల్టీగా కొన్నేళ్లు గడవొచ్చు. అది కుదరకపోతే మ్యాథ్స్ డిగ్రీ చేతిలో ఉంది, బీఈడీ ఉంది, పోటీ పరీక్షలున్నాయి. సివిల్స్‌లో ఫిలాసఫీ ఆప్షనల్ 500 మార్కులకి ఉంది. అయితే ఐఏఎస్ వస్తుందన్న ఆశతో ఈ ఎమ్మేలో చేర్పించకండి, దానికి వేరే చదువు చదవాలి.

సంబంధాలవాళ్లు అడిగితే సెంట్రల్ యూనివర్సిటీలో పీజీ అని చెప్పండి, అబద్ధమేమీ కాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీలో ఒకటికి మించి పేపర్లు ఎంచుకోవచ్చు కాబట్టి ఫిలాసఫీ, డేటా సైన్స్ రెండింటికీ తన చేతే దరఖాస్తు చేయించండి, ఫీజు మీరు కట్టండి. పేపర్లు టిక్ పెట్టేటప్పుడు మాత్రం మరిదిగారిని ఫోన్ లైన్‌లో పెట్టకండి.