జ్యూక్‌బాక్స్ మ్యూజికల్‌కి స్కోర్ టోనీ ఎందుకు రాదు?

2006లో ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ (అమెరికా రంగస్థల అవార్డు) గెలిచిన 'జెర్సీ బాయ్స్' ఒరిజినల్ స్కోర్ (కొత్తగా కూర్చిన సంగీతం) విభాగం పోటీలో ఎందుకు లేదో తెలియక మీ వ్యాసం ఆగిపోయిందన్నారు. టెన్షన్ పడకండి. ఆ విభాగం రంగస్థలం కోసం రాసిన సంగీతానికే. ఇందులోవి ఫోర్ సీజన్స్ అనే పాప్ బృందం పాత హిట్లు. ఇలా పాత పాటలతో అల్లిన సంగీత నాటకాన్నే జ్యూక్‌బాక్స్ మ్యూజికల్ అంటారు. దీన్ని వివక్ష అని మాత్రం రాయొద్దు.

జాతి ప్రాతినిధ్యం గురించి రాయాలంటే 'మిస్ సైగాన్' తీసుకోండి, అది జ్యూక్‌బాక్స్ కాకపోయినా. యూరేషియన్ (ఆసియా, యూరప్ మిశ్రమ సంతతి) పాత్రకు తెల్లజాతి నటుడు జోనథన్ ప్రైస్‌ను తీసుకున్నారని 1990లో అమెరికా నటుల సంఘం ఈక్విటీ అడ్డుచెప్పింది. లండన్‌లో ఆయన కళ్ల ఆకారం మార్చే మేకప్‌తో నటించారు, నాకైతే అదే ఎక్కువ బాధ. నిర్మాత న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే ప్రదర్శనే రద్దు చేస్తాననడంతో ఈక్విటీ వెనక్కి తగ్గింది. 1991లో ప్రైస్‌కు టోనీ వచ్చింది. అదే నాటకానికి ఫిలిప్పీన్స్ నటి లియా సలోంగాకూ వచ్చింది, అదీ తప్పక రాయండి.